మూడు దెబ్బల జట్కా పాట

ఆ, ఎక్కడ ఆపాను? క్యాసెట్ అట్ట దగ్గర కదా. అట్ట మీద ఐదుగురు మగవాళ్లు, ఐదుగురికీ ఒకే రంగు కోట్లు. మా బంగారు గనుల ఊళ్లో, ఊరిగాంలో ఒక టైలరు దగ్గర ఒక పూటకు అడిగి తెచ్చుకున్నవి. చివర నిలబడ్డ పొట్టి మనిషికి కోటు చేతులు వేళ్లదాకా మింగేశాయి చూడండి, ఆయనే అమృతరాజు. నేను చెప్తానన్నది ఆయన సంగతే. వాళ్ల వెనకాల ఆకాశంలోకి లేచిన ఇనుప చట్రం, దాని నెత్తిన రెండు పెద్ద చక్రాలు. అది హెడ్‌గేర్. గని నోటి మీద ఉంటుంది. ఆ చక్రాల మీదుగానే తాడు దిగుతుంది, తాడు చివర మనుషులు నిలబడే ఇనుప బోను ఉంటుంది. బోను అంటే మా ఊళ్లో నవ్వుతారు, కేజ్ అనాలి.

గ్రూపు పేరు కూడా హెడ్‌గేర్సే. క్యాసెట్ పేరు ‘హెడ్‌గేర్ మెలొడీస్’. ఎనభై ఏడులో వచ్చింది. పది పాటలు, అన్నీ ఎవరో ఒకరి సినిమా పాటలే, అన్నీ అందరికీ నోటికి వచ్చినవే. కానీ క్యాసెట్ అంతా వెదికినా ఒక్క మాట దొరకదు. గిటారు పాడుతుంది, అకార్డియన్ పాడుతుంది, మనుషులు మాత్రం నోరు విప్పరు.

ఎందుకని అప్పట్లోనే అడిగాను. గ్రూపు పెద్ద క్లెమెంట్, గిటారు ఆయనదే, గనిలో దుంగలు నిలబెట్టే పని. ఆయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ ముద్దొస్తుంది.

“మా లైన్లలో ఐదు భాషలుండాయి మిస్. తెలుగు పాడితే ఒక లైనోళ్లు చప్పట్లు కొడ్తారు, నాలుగు లైన్లోళ్లు మూతి తిప్పుకుంటారు. వాయిస్తే ఎవురి మాటలు వాళ్లే పెట్టుకుంటారు. గలాటానే లేదు!”

లైన్లంటే కార్మికుల ఇళ్ల వరసలు. ఒక ఇంటి గోడ దగ్గర దగ్గితే నాలుగో ఇంట్లో మందు అడిగేవాళ్లు, అంత దగ్గర దగ్గర ఇళ్లు. నిజంగానే పెళ్లిలో హెడ్‌గేర్స్ వాయిస్తుంటే ఒక మూల తెలుగులో, ఒక మూల తమిళంలో, ఒక మూల కన్నడంలో, అందరూ ఒకే పాటను పాడుకునేవాళ్లు. నేను బడిలో పాఠాలు చెప్పి సాధించలేనిది వాళ్లు నాలుగు తీగలతో సాధించారు. సరే, నా సంగతి వదిలేయండి.

అమృతరాజు డ్రమ్స్ వాయించేవాడు. అది ఆదివారాలూ పెళ్లిళ్లూ. మిగతా రోజుల్లో వైండింగ్ డ్రైవరు. అంటే కేజ్‌ని కిందికి దించి పైకి తెచ్చే ఇంజన్ నడిపే మనిషి. ఇక్కడొక విచిత్రం ఉంది. ఆ డ్రైవరు గని దగ్గర ఉండడు. దూరంగా ఇంజన్ గదిలో కూర్చుంటాడు. కేజ్ కనబడదు, మనుషులు కనబడరు. ఎదురుగా లోతు చూపే ఒక పెద్ద ముల్లు, పక్కన ఒక గంట, అంతే. కిందనుంచి గంట కొడతారు. ఒకటి అంటే ఆపు. రెండు అంటే దించు. మూడు అంటే కేజ్‌లో మనుషులున్నారు, మెల్లగా. ఏ గంట వస్తే అదే గంట డ్రైవరు తిరిగి కొట్టాలి, ‘విన్నాను’ అని. అప్పుడే లీవరు మీద చెయ్యి వేయాలి. గంట పడకుండా కదిలిన డ్రైవరుకు మా ఊళ్లో ఎవరూ పిల్లనివ్వరు అనేవాళ్లు, అంత పెద్ద తప్పు.

అమృతరాజు ఇరవై ఏడేళ్లు నడిపాడు. పొద్దున షిఫ్టుకు దిగేవాళ్లు ముందు ఒకటే అడిగేవాళ్లట: “ఈ పొద్దు వైండర్ మీద ఎవురప్పా?” అమృతరాజు అంటే చాలు, నిశ్చింతగా ఆకు వక్క నోట్లో వేసుకుని ఎక్కేవాళ్లు. ఆయన దించితే టీ గ్లాసు తొణకదని పేరు. ఒకసారి కొత్తగా వచ్చిన ఇంజనీరు ఈ మాట విని నమ్మక, నిజంగానే అంచుదాకా టీ పోసిన గ్లాసు కేజ్‌లో పెట్టుకుని దిగాడు. వేల అడుగులు దిగి, మళ్లీ పైకి వచ్చి, ఆ గ్లాసు అలాగే చేత పట్టుకుని ఇంజన్ గదిలోకి వచ్చాడు. అమృతరాజు గ్లాసులోకి చూసి అన్నాడట:

“నాకా సార్? సల్లారిపోయిండాది.”

ఈ కథ చెప్పినప్పుడల్లా ఆయన భార్య ఫ్లోరా అందుకుంటుంది. “గనిలో టీ తొణకనీడు మిస్, ఒప్పుకుంటా. ఇంట్లో పాల గిన్నె తెమ్మంటే వాకిలి నుంచి పొయ్యి దాకా పాలే!”

ఇంక క్యాసెట్ కథకు వస్తాను. బెంగళూరులో ఒక రేడియో రిపేరు అంగడి వెనకాల గది. పొద్దున్నే మారికుప్పం రైల్లో డ్రమ్ములు, గిటార్లు, అకార్డియన్ ఎక్కించుకుని వెళ్లారు. గది మూడు గంటల సేపే దొరికింది. సాయంత్రం రైలు అందుకోవాలి, అమృతరాజుకు రాత్రి షిఫ్టు ఉంది. తొమ్మిది పాటలు బాగా వచ్చాయి. ప్రతి పాటకూ క్లెమెంట్ గిటారు చెక్క మీద వేలితో కొట్టి లెక్క ఇస్తాడు, అందరూ మొదలుపెడతారు. పదోది జట్కా పాట. ఏ సినిమాదో చెప్పను, చెప్తే మీరు చదవడం మానేసి పాడడం మొదలుపెడతారు. గుర్రం పరుగెత్తినట్టు సాగే పాట. అది డ్రమ్స్‌తోనే మొదలవ్వాలి, గుర్రం డెక్కల చప్పుడు.

క్లెమెంట్ కొట్టాడు. వెంటనే అమృతరాజు డ్రమ్ము అంచు మీద కర్రతో టక్ టక్ టక్ అని మూడు కొట్టాడు. కొట్టి, మెల్లగా, చాలా మెల్లగా గుర్రాన్ని నడిపించాడు. ఇంకో ఐదు నిమిషాల్లో గది ఖాళీ చేయాలి, టేపు తిరిగిపోతూ ఉంది. మిగతా నలుగురూ ఏం చేస్తారు, ఆ నడకకే వాయించారు.

రైల్లో క్లెమెంట్ ఆగలేదు. పెట్టెలో అందరి ఎదుటా అరిచాడట.

“రేయ్ అమృతా! గుర్రానికి కాలు బెణికిందా? కేజ్ అనుకొంటివా అది? యాడ ఉండార్రా మనుషులు? గంటే పడలేదే!”

అమృతరాజు కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. బంగారపేట దాకా ఒక్క మాట అనలేదు. బంగారపేటలో దిగి అందరికీ వడలు తెచ్చాడు.

క్యాసెట్ వచ్చింది. ఇక చూడండి మా ఊరి సంగతి! తొమ్మిది పాటలు ఎవరికీ పట్టలేదు, ఆ పదోదే పట్టింది. ఆ నడక వాళ్లకు తెలుసు. షిఫ్టు దిగేటప్పుడు కాళ్ల కింద ఉండే వేగం అది. మగవాళ్లు కళ్లు మూసుకుని వినేవాళ్లు. పిల్లల్ని నిద్రపుచ్చడానికి ఆడవాళ్లు అదే పెట్టేవాళ్లు. రిటైరయ్యేవాళ్లకు పూలమాల వేసేటప్పుడు అదే. రెండు వేల ఒకటిలో గనులు మూసిన రోజున ఎవరి ఇంట్లో విన్నా అదే. పాటను అంత ప్రేమించారు. ప్రేమిస్తూనే అమృతరాజును ఏడిపించారు. “గంట లేకుండానే జవాబిచ్చిన డ్రైవరు” అని పేరు పెట్టారు. చర్చిలో, అంగడిలో, బస్సులో, ఎక్కడ కనబడినా డ్రమ్ము అంచు మీద కొట్టినట్టు మూడు కొట్టి నవ్వేవాళ్లు. ఇరవై ఏడేళ్లలో ఒక్కసారి కూడా గంట లేకుండా చెయ్యి కదపని మనిషిని! ఆయనా నవ్వేవాడు. ఒక్క క్లెమెంట్ నవ్వేవాడు కాదు. ఆ పాట వస్తే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. ఇద్దరూ ఎదురుపడితే బాగానే మాట్లాడుకునేవాళ్లు గానీ, మళ్లీ కలిసి వాయించలేదు.

ఇప్పుడు హెడ్‌గేర్స్‌లో మిగిలింది వాళ్లిద్దరే. క్లెమెంట్‌కు ఊపిరితిత్తుల బాధ, ఇక్కడి దుమ్ము పడదని టేకల్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆయన కొడుకు కూతురు ఏంజెలిన్ ఇక్కడే ఉంది, నా దగ్గర ఏడో తరగతి చదివింది. రోజూ రైల్లో బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్తుంది. ఆ పిల్ల తన స్నేహితులతో ఒక గ్రూపు పెట్టి, క్యాసెట్‌లోని పది పాటల్నీ అదే వరసలో మా ఊరి హాల్లో వాయిస్తానని బయలుదేరింది. వచ్చే ఆదివారమే. నన్ను నాలుగు మాటలు చెప్పమంది. నాలుగంటే నాకు చాలవని దానికి తెలుసు, అయినా పిలిచింది.

“చివరి పాటకి మాత్రం అమృతం తాతే కూర్చోవాల మిస్. నాతోపాటు మీరూ రండి, మీ మాటైతే కాదనడు.”

వెళ్లాం. ఫ్లోరా రాగులు చెరుగుతూ ఉంది. అమృతరాజు నూనె డబ్బా బోర్లించి రెండు గరిటెలతో వాయిస్తున్నాడు. డెబ్భై ఆరేళ్లు! మేం అడగ్గానే ఒప్పుకున్నాడు.

“వస్తా. కానీ ఈసారి సరిగ్గా వాయిస్తా. గుర్రం పరుగెత్తాల.”

“అయ్యో తాతా, వద్దు! క్యాసెట్‌లో ఉన్నట్టే కావాల. ఊరంతా దానికోసమే వస్తారు.”

“అయితే నేను రాను కన్నా. వేరే ఎవురినైనా చూసుకో.”

ఫ్లోరా చాట పక్కన పెట్టింది. “ముప్పై ఏడేండ్లుగా ఇదే జాతర. రోజూ ఆ డబ్బా మీద పరుగో పరుగు. ఎలుకలు కూడా ఇల్లిడిసి పోయినాయి. మీరైనా చెప్పండి మిస్!”

నేను చెప్పి చూశాను. ఆయన తల ఊపుతూ విన్నాడు, విని మళ్లీ గరిటెలు అందుకున్నాడు.

పోయిన శనివారం హాల్లో రిహార్సల్. సరే, ఒకసారి ఆయన కోరినట్టే చూద్దామని ఏంజెలిన్ ఊరుకుంది. అబ్బబ్బ, ఏం వాయించాడండీ! ఆ కాలు, ఆ చేతులు! గుర్రం హాలు దాటి, గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ ఎక్కి దిగినట్టు వాయించాడు. పిల్లలు నోరు తెరుచుకుని ఉండిపోయారు. పాట అయిపోయింది. చప్పట్లు కొట్టాం. కొట్టాం గానీ, మర్యాదకు కొట్టినట్టు అవి తొందరగా ఆగిపోయాయి. హాలు వాచ్‌మన్ మునివెంకటప్ప ఆ రోజుల్లో గనిలో దిగినవాడే. తలుపు దగ్గర బీడీ ఆర్పి అన్నాడు:

“అమృతన్నా, ఈ స్పీడులో దించింటే మేమెవురం మిగిలింటాం? ఆ పాతదే వాయించు. గంట పడకపోయినా పర్వాలేదులే!”

అందరూ నవ్వారు. అమృతరాజు కూడా నవ్వాడు. కానీ కర్రలు సంచిలో పెట్టేసుకున్నాడు. “నేనింతే వాయించేది. లేదంటే ఇడిసిపెట్టండి” అని ఇంటికి వెళ్లిపోయాడు. ఏంజెలిన్ కళ్లల్లో నీళ్లు.

ఆ పిల్ల పాత క్యాసెట్‌ను ఫోన్లోకి ఎక్కించి, టేపు రొద తీసేసి శుభ్రం చేసింది. అది నాకు పంపింది, వినమంది. మర్నాడు చర్చి గంటలు అయ్యాక చెవుల్లో పెట్టుకుని కూర్చున్నాను. రొద పోతే ఎన్ని వినబడతాయో! అకార్డియన్ తిత్తి ఊపిరి పీల్చడం, ఎవరో గొంతు సవరించుకోవడం. ప్రతి పాటకు ముందు క్లెమెంట్ వేలి దెబ్బలు. క్యాసెట్‌లో ఇంతకాలం రొదలో మునిగిపోయి వినబడనివి. ఊరికే లెక్కబెట్టాను, అలవాటు. మొదటి పాటకు నాలుగు. రెండో దానికి నాలుగు. మూడు, నాలుగు, ఐదు, అన్నింటికీ నాలుగే. తొమ్మిదో దానికీ నాలుగు.

పదో పాటకు మూడు.

వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. గిటారు చెక్క మీద మూడు, నిదానంగా. తర్వాత డ్రమ్ము అంచు మీద మూడు. జవాబు.

చెప్పులు ఎటువి అటు వేసుకున్నానో లేదో, వాళ్లింటికి పరుగు. ఫ్లోరా ఇంకా చర్చి నుంచి రాలేదు. ఆయన ఒక్కడే గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

“అమృతరాజూ, గంట పడింది!” అన్నాను. “మూడు పడ్డాయి! క్లెమెంటే కొట్టాడు. నువ్వు జవాబే ఇచ్చావు!”

ఆయన నన్ను కూర్చోమన్నాడు.

“లెక్కబెట్టినారా మిస్? ఇన్నేండ్లకి మీరొక్కరే.”

“మరి రైల్లో ఎందుకు చెప్పలేదయ్యా? ఊరంతా నిన్ను ఆడిపోసుకుంటూ ఉంటే?”

“యాడ చెప్పేది మిస్. అప్పటికి పది దినాలే అయ్యింది వాళ్ల తమ్ముడు పోయి.”

నాకు గుర్తుకొచ్చింది. గనిలో బండ పగిలి పడి క్లెమెంట్ తమ్ముడు పోయాడు. ఇరవై మూడేళ్ల పిల్లవాడు. అప్పుడు నేనూ ఆ ఇంటికి వెళ్లాను.

“ఆ దినం వైండర్ మీద నేనే ఉండా. కిందనుంచి మూడు పడినాయి. మామూలుగా పడే తీరు కాదు, ఆగి ఆగి. కింద గంట తాడు పట్టుకొన్నది క్లెమెంటే అని తరవాత తెలిసింది. తమ్ముణ్ణి ఎత్తుకొని వాడే మూడు కొట్టినాడు. పోయినోడికి మూడు కొట్టాల్సిన పని లేదు మిస్. సామాను లెక్క. కానీ వాడు మనిషి అనే కొట్టినాడు. నేనూ మూడు జవాబిచ్చి, మనిషిని తెచ్చినట్టే తెచ్చినా. అంత మెల్లగా నేనెప్పుడూ తేలేదు.”

ఆయన లోపలికి వెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

“ఆ గదిలో వాడి వేలు మళ్లీ అట్లే కొట్టె. ఆగి ఆగి మూడు. వాడికి తెలీదు. నాకు ఇనబడింది, జవాబిచ్చినా, మెల్లగా పోయినా. ఇంగ రైల్లో ‘నువ్వే కొట్టినావు రా’ అని యెట్ల చెప్పేది? నన్ను తిట్టుకొంటా ఉంటే వాడికి కొంచెం తేలికైనట్టుండె. తిట్టనీ అనుకొన్నా.”

“ముప్పై ఏడేళ్లా!”

“దినాలు పోతాయి కదమ్మా.” నవ్వాడు. “ఆ పాట వస్తే వాడు లేచి బయటికి పోతాడు. చూసినారు కదా? ఎందుకో వాడికే తెలీదు. అందుకే, ఒక్కసారి, వాడు అడిగినట్టు పరుగెత్తించి వాయిస్తే, వాడు కూర్చొని ఇంటాడేమో అని. అంతే మిస్. నా పేరు కోసం కాదు. మీరు వాడికి చెప్పొద్దు.”

ఇదండీ సంగతి. ‘గంట లేకుండా జవాబిచ్చిన డ్రైవరు’ అని ఊరంతా నవ్విన మనిషి ఈయన. నా ఉద్యోగంలో ఎన్నో పద్యాలకు అర్థాలు చెప్పాను. స్నేహం అన్న మాట వచ్చినప్పుడల్లా పుస్తకంలో ఉన్న ఉదాహరణే చెప్పాను, రెండు వీధుల అవతల ఈయన్ను పెట్టుకుని.

కానీ ఒక విషయంలో ఆయన్ను ఒప్పుకోను. క్లెమెంట్ పరుగు పాట వింటే తేలికపడతాడని ఈయన అనుకుంటున్నాడు. క్లెమెంట్‌ను అడిగాడా? లేదు! గంట పడకుండానే కదులుతున్నాడు ఈసారి. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన ముఖం ఒక్కసారిగా మారిపోయింది. డెబ్భై ఆరేళ్ల మనిషి బడిపిల్లవాడిలా తల దించుకున్నాడు. ఆఖరికి అన్నాడు:

“అది నిజమే మిస్. సిగ్నల్ ఇచ్చేది వాడు. నేనెవురు? వాడొచ్చి ఏది కొడితే అది వాయిస్తా. వాడు రాకపోతే కర్రలు ముట్టను.”

అప్పుడే ఫ్లోరా వచ్చింది, చేతిలో చర్చి పుస్తకం. ఇద్దరి ముఖాలూ చూసి, “ఎవురికేమైంది? మళ్లీ పాలు పోసేసినాడా?” అంది.

చెప్పొద్దన్న మాట చెప్పను. క్లెమెంట్‌కు ఆ మూడు దెబ్బల సంగతి నా నోటి నుంచి రాదు. ఈ కాగితాలు కూడా ఆదివారం దాటేదాకా పోస్టులో వేయను. అమృతరాజు సరేనంటేనే వేస్తాను. మీరు చదువుతున్నారంటే ఆయన సరేనన్నాడనే.

ఏంజెలిన్ టేకల్ నంబరు రాసిచ్చింది. ఇప్పుడు నాలుగు కావస్తోంది. క్లెమెంట్ మందు వేసుకుని, లేచి, కూతురి గుమ్మంలో కూర్చునే వేళ. ముందు టేకల్‌లో మామిడి ఎలా ఉందని అడుగుతాను, లేకపోతే నేనేనని నమ్మడు. తర్వాత చెప్తాను: ఆదివారం హాలుకు మీరు రావాలి, వాయించనక్కర్లేదు, చివరి పాటకు గిటారు చెక్క మీద వేలితో కొట్టి లెక్క ఇవ్వాలి, మీరు కొట్టకపోతే అమృతరాజు కదలనంటున్నాడు. ఆయన ‘ఎన్ని కొట్టాల మిస్?’ అంటాడు, తప్పకుండా అంటాడు. ‘మీ వేలు ఎన్ని కొడితే అన్ని’ అని చెప్పి, మిగతా మాటలన్నీ మింగేస్తాను. అది నాకు కొంచెం కష్టమే. ఫోను తీస్తున్నాను, ఉండండి.